మంద మీద రాసిన ఓనమాలు

నన్ను ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు మావాళ్లు "ఈయన ఆ రోజుల్లోనే బీదపిల్లలకు ఊరికే చదువు చెప్పినాయన" అని మొదలుపెడతారు. నేను చేతులు కట్టుకుని వింటాను. ఎంతమందికి చదువు వచ్చిందని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగితే ఒక్క మాటలో చెప్పలేను. కోదాడలో నేను గడిపిన ఆరేడు నెలల సంగతి మొత్తం చెప్పాల్సి వస్తుంది.

మాది సూర్యాపేట. పోలీసు చర్యకు ముందటి రోజులవి. నాకు ఇరవై ఏళ్లు. ఉర్దూలో చదువు చెప్పే బడిలో రెండుసార్లు పరీక్ష తప్పి, మూడోసారి కూర్చోవడానికి మొహం చెల్లక ఇంట్లో ఖాళీగా ఉన్నాను. ఖాళీగా ఉన్న కుర్రవాడంటే నిజాం మీద తిరగబడిన సంఘంలో చేరినవాడేనని పోలీసులు అనుకునే కాలం. నాన్న భయపడి నన్ను కోదాడలో మా అక్క అత్తవారింటికి పంపాడు. కోదాడకు ఆనుకుని మునగాల పరగణా ఉండేది. అది నిజాం రాజ్యంలోది కాదు. ఏదైనా గడబిడ అయితే పొలం గట్లు దాటి ఆ పరగణాలోకి పోవచ్చని నాన్న ఆలోచన.

అక్క అత్తవారిది పెద్ద ఇల్లు, పెద్ద వ్యవసాయం. రోజూ పదిమందికి వండేవాళ్లు, పదిమంది తినేవాళ్లు. మాటలు మాత్రం ఒకరికి సరిపడా కూడా ఉండేవి కావు. బావ నెలలో ఇరవై రోజులు బెజవాడ వైపే తిరిగేవాడు. అక్క వంటింట్లోంచి బయటకు వచ్చేది కాదు. వచ్చినా అత్తగారి ముందు తమ్ముడితో కబుర్లు చెబితే బాగుండదని ఊరుకునేది. ఇక మామ, అంటే అక్క మామగారు, ఉదయం "తిన్నవా అల్లుడా" అనేవాడు, రాత్రి "తిన్నవా అల్లుడా" అనేవాడు. ఆ రెండు ప్రశ్నలకు మధ్య ఉన్న పగలంతా నాదే. ఏం చేసుకోను దాన్ని?

నిజం చెప్పాలంటే నాకు మాట్లాడే జబ్బు ఉంది. సూర్యాపేటలో ఉన్నప్పుడు దారినపోయే బండివాణ్ణి కూడా ఆపి మాట్లాడేవాణ్ణి. కోదాడలో నాలుగు వారాలు గడిచేసరికి నా గొంతు నాకే కొత్తగా వినబడటం మొదలైంది. దొడ్లో ఎద్దులతో మాట్లాడుతూ ఒకసారి పాలేరుకు దొరికిపోయాను. అతను చూడనట్టు తల తిప్పుకున్నాడు. చూసి నవ్వినా బాగుండేది.

ఆ శీతాకాలంలో మామ పొలంలో మంద తోలించారు. గొల్లవాళ్లు తమ గొర్రెల్ని రాత్రిళ్లు రైతు చేలో పడుకోబెడితే చేనుకు ఎరువు, వాళ్లకు ధాన్యం. పగలు ఆ మంద చుట్టుపక్కల బీళ్లలో మేసి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి వాగు ఒడ్డున తుమ్మచెట్ల నీడకు చేరేది. ఒకరోజు నేను తోచక అటు నడిచాను. గొల్లాయన తుమ్మచెట్టుకు ఆనుకుని ఉన్ని వడుకుతున్నాడు. నలభై దాటిన మనిషి. పక్కన ఆయన కూతురు, పదకొండేళ్లుంటాయేమో, ఒక గొర్రెపిల్ల కాలికి గుచ్చుకున్న ముల్లు తీస్తోంది.

"ఏంది పటేలా, ఇంత ఎండల వస్తిరి?" అన్నాడాయన.

"ఊకెనే వచ్చిన" అన్నాను.

ఊరికే వచ్చినవాడికి కూర్చోవడానికి గొంగడి పరిచాడు. కూర్చున్నాక ఏదో ఒకటి మాట్లాడాలి కదా. సూర్యాపేటలో ఒకసారి గ్రంథాలయ సభకు పోయాను. చదువుకున్న ప్రతివాడూ చదువురాని ఒక్కరికైనా అక్షరాలు నేర్పాలని అక్కడ ఒక పెద్దమనిషి గంటసేపు ఉపన్యసించాడు. ఆ మాట అప్పుడు ఒక చెవిన విని మరో చెవిన వదిలేశాను. తుమ్మచెట్టు కింద అది ఎట్లా గుర్తొచ్చిందో తెలియదు.

"నీ బిడ్డకు చదువు చెప్తా. పైసలేం వద్దు" అన్నాను.

"దానికి సదువెందుకు పటేలా?"

"ఎందుకేంది? ఉత్తరం వస్తే చదువుకుంటది."

"మాకు ఉత్తరం ఎవరు రాస్తరు?" అన్నాడు. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగాడు.

ఆయన వడకడం ఆపి నన్ను ఒకసారి తేరిపార చూశాడు. తరువాత కూతురి వైపు చూశాడు. "సరె, మీకు రాబుద్ధయితె రాండ్రి" అన్నాడు. నేను గెలిచాననుకున్నాను.

మర్నాడే మునగాల నుంచి వచ్చే బండివాడితో ఒక పలక, బలపాలు, ఒక తెలుగు వాచకం తెప్పించాను. మామ చూసి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా" అన్నాడు. ఇంట్లో అన్నాళ్లకు నాతో ఎవరో ఒక పూర్తి వాక్యం మాట్లాడినందుకు నాకు సంతోషమే అయింది.

బడి గొర్రెల దగ్గరికి పోయింది కానీ బడి లక్షణాలు దానికి ఏవీ రాలేదు. మొదటి రోజు మరో ముగ్గురు పిల్లలు వచ్చారు. మూడో రోజుకు ఎవరి పశువుల వెంట వాళ్లు పోయారు. రెండో రోజునే పలక మీద ఒక పొట్టేలు కాలు పెట్టి రెండు ముక్కలు చేసింది. ఇసుకలో వేలితో రాసి చూపిద్దామంటే అక్షరం పూర్తయ్యేలోగా దాని మీదుగా ఇరవై గొర్రెలు నడిచిపోయేవి. ఆ పిల్ల బుద్ధిగా కూర్చునేది, చెప్పమన్నది చెప్పేది, మర్నాటికి ఒక్కటీ గుర్తుండేది కాదు. నాకా కోపం ముక్కు మీదే ఉంటుంది.

"నిన్న పదిసార్లు చెప్పించిన గద. ఇదేంది?" అని గద్దించాను ఒకనాడు.

ఆమె ఇసుక వైపు చూసి చూసి, "వీటికి మొహాలు లెవ్వు పంతులా. ఎట్ల గుర్తుపట్టాలె?" అంది.

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. అప్పుడు ఆమె నాకు ఒక పరీక్ష పెట్టింది. తన మందలో ఏవైనా రెండు గొర్రెల్ని చూసి, ఆ తరువాత మళ్లీ అవే రెంటిని వెతికి పట్టుకోమంది. అరవై గొర్రెలు. నాకు అన్నీ ఒకే గొర్రెలా కనిపించాయి. అరగంట తిరిగి రెంటిని పట్టుకొచ్చాను. రెండూ వేరేవే. "ఇది బొల్లిదాని బిడ్డ, ఇది కుంటిదాని చెల్లె. వీటికీ వాటికీ ఏం పోలిక పంతులా?" అని ఆ పిల్ల నవ్వింది. తండ్రీ నవ్వాడు. నేనూ నవ్వాను. నేను నవ్వి ఎన్నాళ్లయిందో ఆ నవ్వు ఆగిన తరువాత గాని నాకు తెలియలేదు.

చలి తగ్గుముఖం పట్టాక ఉన్ని కత్తిరించారు. కత్తిరింపు అయ్యాక ప్రతి ఇంటివాళ్లూ తమ గొర్రెలకు జాజుతో, అంటే ఎర్రమట్టి రంగుతో, గుర్తు వేసుకుంటారు. ఒకరు మెడ మీద గీత, మరొకరు తొడ మీద చుక్క. వాగు దగ్గర రెండు మందలు కలిసిపోయినా ఆ గుర్తు చూసి విడదీసుకుంటారు. గొల్లాయన జాజు కలిపి ఈత మట్ట నలగ్గొట్టిన కుంచెతో మొదటి గొర్రెను పట్టుకునేసరికి నా బుర్రలో మెరుపు మెరిసింది. అది ఎంత చెడ్డ మెరుపో అప్పుడు తెలియదు.

"ఆగు. గీత ఎందుకు, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం రాద్దాం. పిల్లకు మొహాలు కావాలె గద. మొహాలే దొరుకుతయి" అన్నాను.

ఆయన కుంచెను గొర్రె మీద నుంచి వెనక్కి తీసుకున్నాడు. "గుర్తు ఒకటే ఉండాలె పటేలా, మందకంతా" అన్నాడు. నేను వినిపించుకోలేదు. ఆయన కుంచె నా చేతిలో పెట్టాడు. పెద్దింటి చుట్టాన్ని కాదనలేక పెట్టాడని ఇప్పుడు అనుకుంటాను.

రెండు రోజులు పట్టింది. తెల్లగొర్రెల మీద జాజుతో, నల్లగొర్రెల మీద సుద్దమట్టితో రాశాను. నా దస్తూరి బాగుంటుందని నాకు చిన్నప్పటినుంచీ ఒక అహంకారం. అందుకే ఆ పిల్ల "నేను రాస్త పంతులా" అని కుంచె అడిగినా ఇవ్వలేదు. పదిపదిహేను రోజులకోసారి అక్షరాలు మసకబారితే మళ్లీ నేనే దిద్దేవాణ్ణి. పక్క మందల గొల్లలు వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నారు. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమకట్టుకున్నాను.

ఇక ఆ పిల్ల చదువు చూడాలి. వారంలో పది అక్షరాలు, నెల తిరిగేసరికి అచ్చులన్నీ, హల్లుల్లో చాలావరకు. ఏ గొర్రెను చూపించినా టక్కున చెప్పేది. దూరంగా వాగు అవతలి గట్టు మీద మేస్తున్నదాన్ని చూపించినా చెప్పేది. నా కంటికి ఆనని అక్షరం ఆమెకు ఆనుతోందే అని నేను ఆమె చూపును మెచ్చుకున్నాను. రెండుసార్లు పరీక్ష తప్పినవాణ్ణి ఇంత గొప్ప పంతులునయ్యానా అని నాలో నేనే మురిసిపోయాను. ఇంటికి పోయి చెప్పుకోవడానికి మాత్రం ఎవరూ లేరు. సాయంత్రం గదిలో ఒక్కణ్ణే కూర్చుని, రేపు మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని చూసేవాణ్ణి. మధ్యాహ్నం రెండు గంటలు బాగున్నకొద్దీ మిగతా పగలంతా ఇంకా భారమైంది.

ఎండలు ముదిరాయి. మేత అయిపోయి మంద కదిలే రోజులు వచ్చాయి. గొల్లాయన ఒక్కడే గొర్రెల్ని తోలుకుని పాలకీడు వైపు పోయాడు. ఆ పిల్లకు జ్వరం వచ్చి తల్లితో గుడిసెలో ఉండిపోయింది. వారం తిరక్కముందే పాలకీడు సంతకు పోయివచ్చిన ఒకతను మామకు కబురు చెప్పాడు. గస్తీ తిరిగే జవానులు మందను ఆపారట. ప్రతి మందకూ ఒకటే గుర్తు ఉండాలి, దీనికి గొర్రెకో రాత ఉంది, ఇది సంఘంవాళ్లు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపే రహస్య సమాచారం అన్నారట. ఎవరు రాశారని గొల్లాయన్ను అడిగితే తనకు రాత రాదన్నాడట. మరి ఎవరు రాశారంటే నోరు విప్పలేదట. ఆయన్నూ మందనూ మిర్యాలగూడ క్యాంపుకు తోలుకుపోయారు. జవానులు రోజుకు మూడో నాలుగో గొర్రెల్ని కోసుకు తింటున్నారని కూడా ఆ మనిషి చెప్పాడు.

మామ నన్ను పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. "రాసింది నువ్వే గదా?" అన్నాడు. అవునన్నాను. "నువ్వు పోయి ఒప్పుకుంటే నిన్ను లోపలేస్తరు. రేపు ఈ ఇల్లు సోదా చేస్తరు. ఎల్లుండి మీ నాయన్ను పిలుస్తరు. వాళ్లే నాలుగు రోజులు చూసి వాణ్ణి వదిలేస్తరు. నువ్వు కాలు కదపకు."

నేను కాలు కదపలేదు. ఒక రోజు కాదు, ఐదు రోజులు. ఈ మాట రాయడానికి నా చెయ్యి రావడం లేదు గాని రాయకపోతే మిగతాది రాసి లాభం లేదు. నేను భయపడ్డాను. మామ మాట వింటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ ఐదు రోజుల్లో ఆ పిల్ల తల్లి రోజూ వచ్చి మా పశువుల కొట్టం గోడ పక్కన నిలబడేది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. నేను గదిలో కిటికీ రెక్క సందులోంచి ఆమెను చూసేవాణ్ణి. పొద్దు వాలితే వెళ్లిపోయేది. నేను రాసిన రాత వల్ల అక్కడ రోజుకు మూడో నాలుగో గొర్రెలు తగ్గుతున్నాయి, ఒక మనిషి దెబ్బలు తింటున్నాడు. ఇక్కడ నేను రెండు పూటలా తింటున్నాను.

ఐదో రోజు అన్నం వడ్డిస్తూ అక్క నోరు విప్పింది. అత్తగారు పక్క గదిలోనే ఉంది.

"తమ్మీ, ఆ గొర్ల మీద రాసింది నువ్వేనా?"

"నేనే."

"అయితె ఇంక ఇక్కడెందుకు కూసున్నవ్?"

నేను విస్తరి ముందు నుంచి లేచాను. అక్కే మామతో ఏం మాట్లాడిందో, ఎట్లా ఒప్పించిందో నాకు తెలియదు. మర్నాడు తెల్లవారేసరికి వాకిట్లో బండి కట్టి ఉంది. తల్లినీ పిల్లనూ ఎక్కించుకుని బయల్దేరాను. హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో ఆ తల్లి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. భర్త కోసం మూట కట్టిన జొన్నరొట్టెల్లోంచి దారిలో నాకు రెండు పెట్టింది, అంతే. జ్వరం తగ్గిన పిల్ల బండి వెనక కూర్చుని కాళ్లూపుతూ దారిలో కనబడిన ప్రతి మందనూ పరీక్షగా చూసింది.

క్యాంపు ఊరి చివర ఒక పెద్ద పెంకుల కొట్టంలో ఉంది. ముళ్లకంప వేసిన దొడ్లో గొర్రెలు కనబడ్డాయి. అరవైలో ఇరవై రెండు మిగిలాయి. లోపల అమీన్, ఆ క్యాంపు పోలీసు అధికారి, కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అలసిపోయిన, యాభై ఏళ్ల మనిషి. రాత్రి కూర్చుని ఉర్దూలో రాసుకున్న అర్జీ ఆయన చేతికిచ్చాను. ఆయన చదివి అందులో రెండు తప్పులు చూపించి, "ఎక్కడ చదువుకున్నావు?" అన్నాడు. పోలీసు క్యాంపులో కూడా నాకు పరీక్ష తప్పలేదు.

అవి రహస్యాలు కావని, పిల్లకు ఓనమాలు నేర్పడానికి నేనే రాశానని చెప్పాను. "గొర్రెల మీదా?" అన్నాడు. "పలక లేదు సర్కార్" అన్నాను. జవానులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చెప్తుంటే నాకే అబద్ధంలా వినబడింది.

"సరే. ఆ పిల్లను చదవమను. చదివితే నీ మాట నమ్ముతాను. లేకపోతే వాడితోపాటు నువ్వూ ఇక్కడే" అన్నాడు. తెలుగు వచ్చిన ఒక మున్షీని పిలిపించాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. చదవడమేగా. ఆ పిల్లను దొడ్డి దగ్గర నిలబెట్టాం. గొల్లాయన్ను కూడా బయటికి తెచ్చి ఒక మూల కూర్చోబెట్టారు. ఒక కన్ను వాచిపోయి ఉంది. ఆయన నా వైపు చూడలేదు, బిడ్డ వైపే చూశాడు. మున్షీ ఒక గొర్రెను చూపించాడు.

"ఇది అ" అంది ఆ పిల్ల. మున్షీ తలూపాడు.

"ఇది క. ఇది మ. ఇది ఎ. గాడ మూలకున్నది త."

ఒక్కటీ తప్పు పోలేదు. నా ఛాతీ ఉబ్బింది. అక్కడున్న పరిస్థితి కూడా మరిచిపోయి, సూర్యాపేట బడిలో నన్ను తప్పించిన మాస్టర్లంతా వచ్చి చూస్తే బాగుండుననుకున్నాను. మున్షీ మరో గొర్రెను చూపించాడు.

"ఇది చ" అంది.

మున్షీ వంగి చూశాడు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. దాని ఒంటి మీద రాత ఏమీ లేదు. కంపకు రాసుకుని ఎప్పుడో పూర్తిగా చెరిగిపోయింది.

"ఎక్కడుంది చ?" అన్నాడు.

"ఇదే. గీ చెవి చీలింది. ఇది చ" అంది ఆమె, ఆయనకు కళ్లు సరిగా లేవేమో అన్నట్టు.

మున్షీ నా వైపు చూశాడు. తరువాత ఒక జవాను చేతిలోని కర్ర తీసుకుని నేల మీద పెద్దగా మ రాశాడు. "ఇదేంది?" అన్నాడు. ఆ పిల్ల నేల వైపు చూసింది, నా వైపు చూసింది, ఏమీ అనలేదు. మున్షీ దాన్ని చెరిపేసి అ రాశాడు. ఈసారి ఆమె తల వంచుకుంది.

నేను రెండు నెలలు అక్షరాలు చెప్పాననుకున్నాను. ఆమె ఒక్క అక్షరం కూడా చూడలేదు. బొల్లిదాన్ని నేను అ అన్నాను కాబట్టి అది అ. చెవి చీలినదాన్ని చ అన్నాను కాబట్టి అది చ. దాని మీద నేను రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. గొర్రెలకు నేను పెట్టిన పేర్లు ఆమె నేర్చుకుంది, అంతే. కుంచె ఒక్కనాడైనా ఆ పిల్ల చేతికి ఇచ్చి ఉంటే ఈ సంగతి మొదటి వారంలోనే బయటపడేది.

మున్షీ ఉర్దూలో జరిగింది వివరించాడు. అమీన్ కాసేపు అర్థం కానట్టు చూసి, ఆ తరువాత నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లవెంట నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. జవానులూ నవ్వారు. "వదిలేయండి వీళ్లను. ఇలాంటి పంతుళ్లను పెట్టుకుంటే సంఘంవాళ్లకు రాజ్యం రావడానికి ఇంకో వందేళ్లు పడుతుంది" అన్నాడు. నన్ను అంత చులకనగా ఎవరూ అనలేదు. ఆ చులకనే గొల్లాయన్ను బయటపడేసింది. ఆ పిల్లకు చదువు వచ్చి ఉంటే ఏమై ఉండేదో నేను చెప్పలేను.

మామ బండి మేము దిగిన పూటే వెనక్కి పోయింది. మిగిలిన ఇరవై రెండు గొర్రెల వెంట నలుగురం నడిచాం. వాళ్లు ముగ్గురూ ముందు, నేను వెనక. మర్నాడు మూసీ దాటేటప్పుడు గొల్లాయన ఒక్కో గొర్రెనూ నీళ్లలోకి లాగి, దాని ఒంటి మీద అక్షరం కనబడకుండా పోయేదాకా ఇసుక పెట్టి తోమాడు. నేను పట్టుకుని సాయం చేశాను. చివరికి నేనే అడిగాను.

"నా పేరు చెప్పేస్తే అయిపోయేది గద. ఎందుకు చెప్పలే?"

"చెప్తె మిమ్ముల పట్టుకపోతరు."

"పట్టుకపోతే పట్టుకపోతరు. రాసింది నేను."

ఆయన గొర్రెను వదిలి నడుము పట్టుకుని నిలబడ్డాడు. "నాకు నాలుగు దెబ్బలు ఒక లెక్క కాదు పటేలా. నాకు ఇంటి కాడ ఇంతమంది ఉన్నరు. మీరు ఒక్కళ్లు, తట్టుకోలేరు" అన్నాడు. ఆ మాట నాకు సరిగా అర్థం కాలేదు. నన్ను పిరికివాడంటున్నాడని అనుకున్నాను. ఐదు రోజులు గదిలో దాక్కున్నవాణ్ణి, అంటే పడాల్సిందేనని ఊరుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నానికి కోదాడ పొలిమేర చేరాం. వాళ్ల గుడిసెలకు పోయే బాట, ఊళ్లోకి పోయే బాట అక్కడ చీలతాయి. గొల్లాయన ఆగి తలపాగా సర్దుకున్నాడు.

"ఇగ రావొద్దు పంతులా. పిల్లకు సదువు ఒద్దు. మీరు మంచోళ్లే. కాని రావొద్దు" అన్నాడు.

తల ఊపాను. పోయిన గొర్రెల సంగతి ఎత్తబోతే ఆయన చేత్తోనే వద్దన్నాడు. నాకు ఏడుపు వచ్చింది, ఏడవలేక కోపం తెచ్చుకున్నాను. నా కోపం ఎప్పుడూ చిన్నవాళ్ల మీదే పోతుంది. ఆ పిల్లను అడిగాను.

"నీకు అక్షరాలు అంటుతలేవని నీకు తెలుసా, తెలవదా?"

"ఎరుకే" అంది.

"ఎప్పటిసంది?"

"మీరు గొర్ల మీద రాసినప్పటిసంది. నేను మొహాలే సూసిన. రాత సూడలే."

"మరి నాకెందుకు చెప్పలే? ఇన్ని రోజులు నన్ను ఎండల నడిపిస్తివి గద."

ఆమె తండ్రి వైపు చూసింది. తండ్రి చెప్పొద్దన్నట్టు కళ్లతో సైగ చేశాడు. అది చూసి కూడా ఆగలేదు, పదకొండేళ్ల పిల్ల కదా.

"చెప్తె మీరు రారు గద" అంది.

"రాకపోతే నీకేం పోతది?"

"నాకేం పోదు. మీకు మాట్లాడతందుకు ఎవరున్నరు గాడ?" అంది. "మా అయ్య అన్నడు, పటేలుకు ఎవరూ లేరు బిడ్డా, రోజు ఎద్దులతోని మాట్లాడుతుండట, వస్తె రానియ్యి, చెప్పింది చెప్పు అని."

"గట్ల అనొద్దు" అని తల్లి కసిరింది. నాలుగు రోజులుగా నా ఎదుట ఆమె అన్న మొదటి మాట అదే. అంటే ఆమెకూ తెలుసు. పాలేరు వాళ్లకు చెప్పి ఉంటాడు. ఆ గుడిసెలో సాయంత్రం రొట్టెలు కాల్చుకుంటూ ముగ్గురూ నా సంగతి మాట్లాడుకుని, ఈ మనిషిని రోజుకు రెండు గంటలు మన దగ్గర కూర్చోబెట్టుకుందామని నిర్ణయించుకున్నారన్నమాట. నేను వాళ్లను ఉద్ధరిస్తున్నాననుకుంటూ ఎండలో నడిచి పోయేవాణ్ణి. దానికి వాళ్లకు నలభై గొర్రెల దాకా పోయాయి.

వాళ్లు వెళ్లిపోయారు. గొర్రెల ఒంటి మీద ఏ గుర్తూ లేదు. నాకు మళ్లీ అన్నీ ఒకే గొర్రెలా కనబడ్డాయి. ఇంటికి పోతే మామ "తిన్నవా అల్లుడా" అన్నాడు. తిన్నానన్నాను.

మర్నాడు ఎండ నడినెత్తికి రాగానే చెప్పులు వేసుకుని వాకిలి దాకా పోయాను. ఎటు పోవాలో తోచలేదు. కాసేపు నిలబడి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాను.